చిరునామా గడి దగ్గర ఆగిన కలం

“నేటి సమాజం ఎదుర్కొంటున్న అతి ముఖ్యమైన సవాలు ఏది?”

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తన దరఖాస్తులో ఈ ప్రశ్న ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. జవాబుకు ఇచ్చిన చోటు 50 మాటలు. మన దగ్గర స్కాలర్‌షిప్ ఫారాల్లో, ప్రైవేటు యూనివర్సిటీల ఇంటర్వ్యూల్లో కూడా ఇదే ప్రశ్న వేషం మార్చుకుని వస్తుంది. తరగతిలో మొదటి వరసలో కూర్చునే పిల్లలు సైతం దీని ముందు తడబడతారు. లెక్కకు జవాబుంటుంది, చరిత్రకు తారీకుంటుంది. దీనికి మాత్రం ఏ గైడులోనూ జవాబు దొరకదు. అందుకని దొరికిన పెద్ద మాటల్లో ఒకటి పట్టుకుని రాసేస్తారు: ఉగ్రవాదం, పేదరికం, కాలుష్యం, అవినీతి.

ఈ ప్రశ్నకు ఎలా జవాబు రాయాలో నాకు తెలిసింది ముంబై కామాటిపురలో ఒక అమ్మాయి దగ్గర. సాయంత్రాలు అక్కడి తెలుగు పిల్లలకు ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను. ఆ అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతి. పాత చాల్‌లో రెండో మాలా మీద, అంటే రెండో అంతస్తులో, ఇల్లు. ఇల్లంటే ఒకటే ఖోలీ, ఒక్క గది. ఒక మూల స్నానానికి మోరీ, పైన సామాన్లకు అటక, నడవా చివర అందరికీ కలిపి సండాసులు. మూడు తరాల కింద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి సెంట్రింగ్ పని చేస్తాడు. అవ్వ ఒకప్పుడు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, చూపు ఆనక మానేసింది. తునికాకు కత్తిరించిన కత్తెర మాత్రం ఇప్పటికీ ఆమె తలగడ కిందే ఉంటుంది.

ఆ అమ్మాయి తెచ్చిన మొదటి జవాబు వాతావరణ మార్పు మీద. తప్పేమీ లేదు. వాక్యాలు కుదురుగా ఉన్నాయి, ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. చదవడం పూర్తయ్యేసరికి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. “నువ్వు దీన్ని ఎక్కడ చూశావమ్మా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: “జూలైలో గల్లీలో మోకాలి దాకా నీళ్లొస్తయ్ సార్. కింద ఖోలీవాళ్లు బియ్యం డబ్బాలు మా ఇంట్ల పెడ్తరు. మొన్నటి సారి మూడు రోజులు పెట్టిన్రు.” అంటూనే నా మొహంలోకి చూసి అడిగింది: “అది రాయొచ్చా సార్?”

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మూడు మాటల చుట్టూనే ఉంది. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు, తమ బతుకు కాగితం మీద రాయదగ్గది కాదన్న అనుమానం చిన్నప్పుడే లోపల కూర్చోవడం వల్ల ఈ ప్రశ్న దగ్గర ఓడిపోతున్నారు. మా గల్లీలో జరిగేది ‘సమాజం’ ఎలా అవుతుంది, సమాజం అంటే టీవీలో మాట్లాడేవాళ్లది కదా అని వాళ్ల నమ్మకం. రాయొచ్చు. రాయాల్సింది అదే.

కానీ ఆ రోజు వాన నీళ్ల దగ్గర ఆగలేదు మేం. ఆమె ఫారం మొదటి పేజీ చూశాను. చిరునామా గడిలో చాల్ పేరు ఉంది, ఖోలీ నంబరు ఉంది, ‘ముంబై సెంట్రల్, 400008’ అని ఉంది. కామాటిపుర అన్న మాట లేదు. ‘ముంబై’ ముందు నీలి సిరా చుక్క ఒకటి కాస్త లావుగా దిగి ఉంది. కలం అక్కడ ఆగింది.

అడిగితే మొదట ఏమీ లేదంది. తర్వాత చెప్పింది. ఎనిమిదో తరగతిలో పుట్టినరోజుకు స్నేహితురాళ్లను పిలిచింది. ఒక్కరూ రాలేదు. ఇల్లు వ్యభిచార గృహాలున్న కామాటిపురలో అని తెలిసి ఒక పిల్ల తల్లి మిగతా తల్లులందరికీ ఫోన్లు చేసిందట. తెచ్చిన కేకు చాల్ పిల్లలకు పంచారు. ఆ తర్వాత ఆమె ఎక్కడా కామాటిపుర అని రాయలేదు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. నేనూ ఈ గల్లీల్లో పెరిగినవాణ్నే. మొదటి ఉద్యోగం దరఖాస్తులో లోయర్ పరేల్‌లో ఉండే మేనమామ చిరునామా రాశాను. రమ్మన్న ఉత్తరం ఆ ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి నా చేతికొచ్చేసరికి ఎనిమిది రోజులు. గడువు దాటిపోయింది. ఆ సంగతి ఇంట్లో చాలా ఏళ్లు చెప్పలేదు.

అప్పుడు ఆ అమ్మాయితో అన్నాను: “నీ జవాబు వాతావరణంలో లేదు బిడ్డా, ఈ చుక్కలో ఉంది.”

‘అతి ముఖ్యమైన’ అన్న మాట పిల్లల్ని భయపెడుతుంది. ప్రపంచంలోని కష్టాలన్నిటినీ వరసలో నిలబెట్టి ఒకటో ర్యాంకు ఇవ్వాలనుకుంటారు. ఆ ర్యాంకు ఎవరూ ఇవ్వలేరు, ఆ కాలేజీ వాళ్లూ ఇవ్వలేరు. నేను వేరే విధంగా చూడమంటాను. చిక్కుపడ్డ దారపు ఉండలో ఏ పోగు లాగితే ఎక్కువ పోగులు కదులుతాయో చూడమంటాను. చిరునామా అన్న పోగు లాగి చూడండి. అద్దె ఇల్లు కదులుతుంది, పెళ్లి సంబంధం కదులుతుంది, ఉద్యోగం కదులుతుంది, బడిలో సీటు కదులుతుంది. గల్లీలో పనిచేసే ఆడవాళ్లకైతే చిరునామా రుజువే ఉండదు. అది లేక ఆధార్ కార్డు వచ్చేది కాదు, కార్డు లేక బ్యాంకు ఖాతా తెరిచేవారు కాదు. 2022 మే 19న సుప్రీంకోర్టు కలగజేసుకుని, నివాస రుజువు అడక్కుండానే సెక్స్ వర్కర్లకు ఆధార్ ఇవ్వాలని ఆదేశించాల్సి వచ్చింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన విషయం ‘మా గల్లీ గొడవ’ ఎలా అవుతుంది?

ఇలా ఆలోచించడానికి మన తెలుగు పెద్దలు నడిచిన ఒక పాత దారి ఉంది. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం విలియం హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ వేసింది. దేశంలో చదువు పరిస్థితి ఏమిటి, ఏం చేయాలి అని అడిగింది. ఒక రకంగా అదీ ఇలాంటి ప్రశ్నే. ఆ ఏడాది అక్టోబర్ 19న పూనా నుంచి జ్యోతిరావు ఫూలే తన వాంగ్మూలం పంపాడు. ఎలా మొదలుపెట్టాడో గమనించండి. తన అనుభవం ముఖ్యంగా పూనా, చుట్టుపక్కల పల్లెల వరకేనని ముందే చెప్పేశాడు. దేశమంతా తెలుసునని అనలేదు. తాను పెట్టిన ఆడపిల్లల బడి గురించి, అంటరానివారన్న కులాల పిల్లల బడుల గురించి చెప్పాడు. ఆ తర్వాత పోగు లాగాడు: ఖజానా నిండేది రైతు చెమటతో, ఆ డబ్బుతో చదువుకునేది పై కులాలవాళ్లు. అక్కణ్నుంచి కోరిక దగ్గరికొచ్చాడు. ప్రాథమిక విద్యను కనీసం 12 ఏళ్ల వయసు దాకా నిర్బంధం చేయాలన్నాడు. పల్లె బడి పంతులు రైతు కుటుంబాల నుంచే రావాలనీ, అవసరమైతే నాగలి మేడి పట్టుకోవడానికీ వడ్రంగి బాడిస పట్టుకోవడానికీ సిగ్గుపడనివాడై ఉండాలనీ రాశాడు. ఆ బాడిస చూడండి. కమిషన్‌కు రాసే కాగితంలో బాడిస గురించి రాయొచ్చా అని ఆయన ఎవరినీ అడగలేదు.

ఆయనకు బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో మన తెలుగు పెద్దలున్నారు. వెంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు. వీళ్లు 1873లో మొదలైన సత్యశోధక సమాజం వెంట నడిచారు. రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని లేపిన కామాటీల మధ్య నుంచి ఎదిగిన తరం అది. ఈ పేర్లు కామాటిపుర పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ అమ్మాయికి తెలియవు. తమ పేట పేరు ఎలా వచ్చిందో కూడా తెలియదు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక సముద్రపు పోటు ఆగి, ఈ పల్లపు నేల మెల్లగా ఆరింది. నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు, అంటే రెక్కల కష్టం మీద బతికేవాళ్లు, ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. వ్యభిచార గృహాలు ఇక్కడ గుమిగూడింది తర్వాత, వలస పాలన కాలంలో. అంటే ఆ అమ్మాయి దాచిపెట్టిన మాటకు అసలు అర్థం ‘కష్టజీవుల ఊరు’. ఇది చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీరు ఏ ఊరివాళ్లయినా సరే, జవాబు రాసే ముందు ఈ పని చేయండి. మీ వీధిలో అందరికంటే పెద్దవయసు మనిషి దగ్గర అరగంట కూర్చోండి. ఇక్కడికి ఎందుకొచ్చారు, ఎవరు ముందొచ్చారు, ఏం పని చేశారు అని అడగండి. గూగుల్‌లో ఇది దొరకదు. దొరికినా మీ గొంతుతో పలకదు.

సమస్యను చిన్నది చేస్తే జవాబు చిన్నబోతుందని కొందరి భయం. ఇంకో పిల్లవాడి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న పొద్దున్నే కూలి పని కోసం నాకా మీద నిలబడే బిగారి. పిల్లవాడు ‘నిరుద్యోగం’ అని రాసుకొచ్చాడు. మీ నాన్నకు పని దొరకదా అంటే, “దొరుకుతుంది సార్, కాగితం దొరకదు” అన్నాడు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో కనీసం నూటికి ఒక రూపాయి సెస్సుగా వసూలు చేసి వాళ్ల సంక్షేమానికి వాడాలి. అందుకోసం ఉన్న సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. రోజుకో ముకాదం కింద, రోజుకో చోట పనిచేసే మనిషికి ఆ 90 రోజులు ఎవరు రాసిస్తారు? ‘నిరుద్యోగం’ అని రాసిన పిల్లలు వేల మంది ఉంటారు. ‘మా నాన్న కట్టిన ఇళ్లు కళ్ల ముందున్నాయి, కట్టినట్టు రుజువు మాత్రం లేదు’ అని రాయగలిగింది ఆ ఒక్కడే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి.

చిరునామా గురించి రాయమన్నాక ఆ అమ్మాయి రెండో జవాబు తెచ్చింది. కామాటిపురలో పుట్టానని, ఇక్కడి అభాగ్య స్త్రీల కన్నీళ్లు చూస్తూ పెరిగానని, వాళ్ల జీవితాల్లో వెలుగు నింపడమే తన ధ్యేయమని రాసింది. “ఎవరి కన్నీళ్లు చూశావు? ఆమె పేరేంటి?” అన్నాను. తెలియదు. ఎదురు మేడలో ఉండే ఏ ఒక్క ఆడమనిషితోనూ ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడొద్దని ఇంట్లో చెప్పారు. అంటే ఆ కన్నీళ్లు సినిమాలో చూసినవి. 2022లో ‘గంగూబాయి కాఠియావాడి’ వచ్చాక ఈ పేట గురించి ప్రపంచానికంతా తెలుసునని అందరూ అనుకుంటున్నారు. మీ దరఖాస్తు చదివే మనిషి కూడా ఆ సినిమా చూసి ఉండొచ్చు. ఆమెకు లేక ఆయనకు తెలిసిన బొమ్మనే మీరు తిరిగి చూపిస్తే జాలి కలుగుతుందేమో, మీరెవరో మాత్రం తెలియదు. పక్కవాళ్ల కష్టాన్ని మన సీటుకు మెట్టుగా వాడుకోవడం తప్పు. ఆ మాట నేను మెత్తగా చెప్పలేను.

శ్వేతా కట్టి పేరు మీరు వినే ఉంటారు. కామాటిపురలో పెరిగిన అమ్మాయి. ‘క్రాంతి’ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో 2013లో న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో సీటు సంపాదించింది. అదే ఏడాది న్యూస్‌వీక్ పత్రిక 25 ఏళ్ల లోపు ప్రతిభావంతులైన యువతుల జాబితాలో ఆమె పేరు వేసింది. ఆ తర్వాత చాలామంది పిల్లలు అలాంటి కథ రాస్తే సీటు వస్తుందనుకున్నారు. ఆమె చెప్పింది తన కథ. తాను పడింది, తాను దాటింది. అది అరువుకు దొరకదు. మీ దగ్గర అంత పెద్ద కథ లేకపోతే లోటేమీ లేదు. సిరా చుక్క ఉంటే చాలు.

మరి ఆ అమ్మాయికి నిజంగా తెలిసిందేమిటి? ఇంటికెళ్లి, నీ గుమ్మం దగ్గర నిలబడి కనిపించినవన్నీ రాసుకురా అన్నాను. మర్నాడు ఒక పేజీ తెచ్చింది. చెప్పులు, నీళ్ల డ్రమ్ము, తులసి డబ్బా, కరెంటు మీటరు. ఆ వరసలో ఏడోది: తలుపు మీద ‘ఇది ఫ్యామిలీ రూమ్’ అన్న రేకు బోర్డు.

ఆ బోర్డు దగ్గర మేమిద్దరం గంటసేపు కూర్చున్నాం. ‘మేం వాళ్లలాంటివాళ్లం కాదు’ అని చెప్పే బోర్డు అది. తన ఇంటికి రాని స్నేహితురాలి తల్లి అన్నదీ అదే కదా అని ఆ పిల్లకు తనంతట తనకే తట్టింది. తాను దెబ్బ తిన్న చోటే, ఎదురు మేడవాళ్లకు తన ఇంటి తలుపు మీంచి రోజూ అదే దెబ్బ తగులుతోంది. నా కళ్ల ముందు ఒక మంచి జవాబు పుట్టింది అప్పుడే. సవాలు గురించి రాసేటప్పుడు అందరూ దానికి బయట నిలబడి వేలెత్తి చూపుతారు. లోపల నేనెక్కడ ఉన్నాను అని ఒక్క వాక్యం రాయగలిగినవాళ్లను కాగితం మీదే గుర్తుపట్టొచ్చు. అది ధైర్యం చేసి రాయాల్సిన వాక్యం. దాన్ని రాయించడం ఏ కన్సల్టెంటు వల్లా కాదు.

ఇక రాసే పని. మొదట తెలుగులో రాయమన్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే ఎవరో వాడి పారేసిన మాటలు ముందుగా చేతికొస్తాయి. తెలుగులో, అందులోనూ ఇంట్లో మాట్లాడే తెలుగులో, అబద్ధం రాస్తే నోటికి వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు. కాకపోతే ఒక లెక్క గుర్తుంచుకోండి: మన ఒక్క మాట ఇంగ్లీషులో రెండు మూడు మాటలవుతుంది. ‘పెట్టించింది’ అన్నదాన్ని మార్చి చూడండి, తెలుస్తుంది. 50 మాటల జవాబు కావాలంటే తెలుగులో ముప్ఫై చిల్లరకు మించకూడదు. అందరు అమెరికా కాలేజీలవాళ్లూ ఇంత పిసినారులు కారు. కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో వ్యాసానికి 650 మాటలిస్తారు, కాలిఫోర్నియా యూనివర్సిటీ ఒక్కో ప్రశ్నకు 350. చోటు ఎక్కువున్నప్పుడు కొత్త సమస్యలు చేర్చొద్దు. అదే గుమ్మం దగ్గర ఇంకాసేపు నిలబడండి.

రాసింది ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించాలన్నది నా నియమం. అవ్వకు చదివి వినిపించమన్నాను. నేనూ వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని విన్నది. ‘మేం మా తలుపు మీద ఫ్యామిలీ రూమ్ అని బోర్డు పెట్టాం’ అన్న చోట చెయ్యెత్తి ఆపింది.

“మేమంటే ఎవరే? నేనే పెట్టిచ్చిన. మీ అమ్మ కొత్తగ కాపురానికొచ్చింది. రాత్రి పన్నెండింటికి ఎవరెవరో తాగొచ్చి తలుపు కొడ్తుంటే మూలకు కూసోని వణికేది. మీ తాత నైట్ డ్యూటీ. నేను కత్తెర పట్టుకోని తలుపుకాడ కూసుండేదాన్ని. గది రాయవా?”

ఆ పిల్ల నా వైపు చూసింది. మొదటి రోజు అడిగినట్టు రాయొచ్చా అని ఈసారి అడగలేదు. అక్కడే నేల మీద కూర్చుని కాగితం తిరగేసి మళ్లీ రాసింది. అవ్వ భయం లోపలికొచ్చాక బోర్డు బరువు మారింది. తప్పుగా మాత్రమే కనిపించినది ఇప్పుడు తప్పూ భయమూ కలిసి కనిపించసాగింది. అయితే మాటలు పెరిగిపోయాయి. ఏదో ఒకటి తీసెయ్యాలి. అవ్వ మాట తీయనంది, బోర్డు తీయనంది, ముంబై సెంట్రల్ అని రాసిన సంగతి తీయనంది. పైనుంచి కింద దాకా వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, చివరికి మొదటి వాక్యం మొత్తం కొట్టేసింది. ‘నేటి సమాజం ఎదుర్కొంటున్న అతి పెద్ద సవాలు ఏమిటంటే’ అని ఉంది అందులో. ‘సమాజం’ అన్న మాట ఆ జవాబులో ఇంకెక్కడా లేదు. మిగిలింది ఇది:

‘మా తలుపు మీద ఫ్యామిలీ రూమ్ అని బోర్డు. రాత్రిళ్లు తాగినవాళ్లు తలుపు కొడితే భయపడి అవ్వ పెట్టించింది. ఎదురు మేడలో ఆ బోర్డు పెట్టుకోలేని ఆడవాళ్లున్నారు. నేను ఫారాల్లో ముంబై సెంట్రల్ అని రాస్తాను. మనిషి మాట వినకముందే చిరునామా చూసి తీర్పు చెప్తాం. నా మీద చెప్పారు. నేనూ చెప్పాను.’